ఆయం, వ్యయం, నీవి: వాణిజ్యశాస్త్ర ఉన్నతాధ్యయనం ఎవరి కొరకు?

శాస్త్రాభ్యాసం చేసినవానికి రెండు శక్తులు అలవడవలెనని సంప్రదాయజ్ఞుల అభిప్రాయం. మొదటిది, గ్రంథంలోని పంక్తికి అర్థం కుదుర్చుకొనే శక్తి. రెండవది, ఆ అర్థాన్ని శాస్త్రపరిచయం లేనివానికి సైతం బోధపడేటట్లు చెప్పే శక్తి. మొదటిది ఉండి రెండవది లేనివాని పాండిత్యం చేద లేని బావి వంటిది. నీరున్నది, దాహం మాత్రం తీరదు.

ఈ గీటురాయి మీద వ్యాకరణ, న్యాయ, మీమాంసా శాస్త్రాల అధ్యయనాన్ని పరీక్షించే అలవాటు విద్వాంసులకు చిరకాలంగా ఉన్నది. వాణిజ్యశాస్త్రాన్ని ఆ విధంగా పరీక్షించినవారు అరుదు. ఎం.కాం. తరగతులలో కార్పొరేట్ ఫైనాన్స్, ఉన్నత గణకశాస్త్రం, ప్రత్యక్ష పరోక్ష పన్నుల విధానం నేడు ముఖ్యపాఠ్యాంశాలు. వాటిని రెండేళ్ళు చదివి పట్టం పుచ్చుకొన్న విద్యార్థి లెక్క వేయగలడు, పరీక్ష వ్రాయగలడు, ఉద్యోగం సంపాదించగలడు. ఆ లెక్క ఎవరి సొమ్మును గూర్చినదో వారికి వారి భాషలో చెప్పగలడా అన్నది ప్రశ్న. లెక్క అనగా పరధనాన్ని గూర్చిన సాక్ష్యం. సొమ్ము గలవానికి తెలియని సాక్ష్యం ఎంత శుద్ధమైనదైనా సగం సాక్ష్యమే.

ఈ ప్రశ్నను గాలిలో వేసి చర్చించుట కంటె ఒక సీమను ఎదుట పెట్టుకొని చర్చించుట మేలు. శ్రీ సత్యసాయి జిల్లాలో, హిందూపురానికి చేరువనున్న పరిగి అందుకు తగినది. పెనుకొండలో లభించిన గంగవంశపు మాధవుని తామ్రశాసనంలో కనబడే ‘పరువి’ ఈ పరిగియేనని శాసనపరిష్కర్తలు గుర్తించినారు. పరువి చెరువు కింది వరిమళ్ళను ఒక విప్రునికి దానమిచ్చిన సంగతిని ఆ సంస్కృతశాసనం నమోదు చేసినది. భూమి ఎక్కడిది, ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవాడెవడు అన్న మూడు ప్రశ్నలకు రాగిరేకు మీద సమాధానం ఉన్నది. పదిహేను శతాబ్దాలకు పూర్వమే ఈ చెరువు కింది పొలానికి పత్రం పుట్టినదన్న మాట.

నేడు అదే సీమకు నాలుగు దిక్కులా వాణిజ్యశాస్త్రపు ఉదాహరణలే. హిందూపురంలో బెల్లం, చింతపండు, మిరప, పట్టుగూళ్ళ వర్తకం. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2017లో ఒప్పందం కుదిరి 2019లో ఉత్పత్తి ఆరంభించిన కియా కార్ల కర్మాగారం. ఆరంభంలో దాని సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. గోరంట్ల మండలం పాలసముద్రం వద్ద సుమారు 500 ఎకరాలలో వెలసిన జాతీయ కస్టమ్స్, పరోక్షపన్నులు, మాదకద్రవ్యాల అకాడమి. దీనికి 2024 జనవరి 16న ప్రారంభోత్సవం జరిగినది. దేశానికి పన్నులు విధించి వసూలు చేసే అధికారులకు శిక్షణ ఈ సీమలోనే. ఇట్టి చోట పుట్టిన విద్యార్థికి వాణిజ్యశాస్త్రం ఎక్కడో దూరదేశపు విద్య కారాదు. అయినను అది అట్లే అవుతున్నది. కారణం విద్యార్థిలో లేదు, బోధనలో ఉన్నది.

మొదట పదాల సంగతి చూడదగును. కౌటిలీయార్థశాస్త్రం రెండవ అధికరణంలో రాజ్యపు లెక్కలకు మూడు మూలపదాలు ఉన్నవి: ఆయం, వ్యయం, నీవి. వచ్చినది ఆయం, పోయినది వ్యయం, రెండింటినీ సరిచూడగా మిగిలినది నీవి. ఆ నీవి మరల రెండు విధాలు: ఆ ఏడు చేతికందిన శేషం ఒకటి, వెనుకటి నుండి కొనసాగివచ్చిన శేషం ఇంకొకటి. అమరకోశం చూచినచో ‘నీవీ’ శబ్దం మూలధనానికి పర్యాయంగా కనబడుతున్నది. ఒక గ్రంథంలో శేషం, మరియొక గ్రంథంలో మూలధనం! ఇందులో వైరుధ్యం ఏమియు లేదు. నిరుటి శేషమే ఈ ఏటి మూలధనం. కంపెనీ ఆస్తి అప్పుల పట్టికలో పంచిపెట్టని లాభాన్ని వాటాదారుల నిధిలో కలిపి చూపుటకు హేతువు ఏమని ఎం.కాం. విద్యార్థిని ప్రశ్నిస్తే, నియమం వల్లించి ఊరకుండేవారే అధికం. ‘నీవి’ అన్న ఒక్క పదపు చరిత్ర తెలిసినవానికి ఆ నియమం వల్లించనక్కరలేదు, దానంతట అదే తోచును.

నీవి నుండి పుట్టినదే ‘అక్షయనీవి’. అసలును ముట్టక వడ్డీని మాత్రమే వినియోగించే శాశ్వతనిధి అది. నాసిక్ గుహలలో క్షహరాత నహపానుని అల్లుడు ఉషవదాతుడు వేయించిన ప్రాకృతశాసనం ఇందుకు ప్రసిద్ధోదాహరణం. అతడు 3,000 కార్షాపణాలను అక్షయనీవిగా ఇచ్చినాడు. అందులో 2,000 ఒక సాలెవారి శ్రేణి వద్ద నెలకు నూటికి ఒకటి వడ్డీకి, 1,000 ఇంకొక సాలెవారి శ్రేణి వద్ద నెలకు నూటికి ముప్పాతిక వడ్డీకి ఉంచినాడు. 2,000 మీద వచ్చే వడ్డీ, గుహలో వర్షావాసం చేసే ఇరువదిమంది భిక్షువులకు, తలకు 12 కార్షాపణాల చొప్పున వస్త్రాల ఖర్చుకు. నేటి విద్యార్థి దీనిని తనిఖీ చేయవచ్చును. నెలకు 20, ఏటికి 240. ఇరువదిమందికి పన్నెండేసి అయితే 240. ఒక్క కాసు తేడా లేదు.

ఈ శాసనంలో లెక్క కంటెను గొప్పది మరియొకటి ఉన్నది. ఈ ఏర్పాటును నిగమసభలో వినిపించి, ఆచారం ప్రకారం ఫలకం మీద నమోదు చేసినట్లు శాసనమే చెబుతున్నది. వినిపించుట ఒకటి, వ్రాసి ఉంచుట ఇంకొకటి. రెండూ జరిగినప్పుడే అది లెక్క. వ్రాత పండితునికి, అధికారికి; వినిపించుట ఊరికి. నేటి గణకవిద్యలో వ్రాత సంపూర్ణంగా పెరిగినది, వినిపించుట సంపూర్ణంగా లోపించినది. ఆనాడు సాలెవారి శ్రేణి పరుల ధనాన్ని నిక్షేపంగా పుచ్చుకొని వడ్డీ కట్టగలిగిన సంస్థ అన్నది కూడ ఇక్కడ మరువరాదు. నేడు అదే వృత్తివాడు తన చేతికి వచ్చిన బిల్లులో ఏ అంకె ఎందుకున్నదో తెలియక ఇతరుల ముఖం చూడవలసివస్తున్నది.

కార్పొరేట్ ఫైనాన్స్ అనగానే అది పూర్తిగా పశ్చిమదేశాల సొత్తని విద్యార్థి భయపడుతున్నాడు. ఆ శాస్త్రానికి పునాది ఒక్క ప్రశ్న: ముందుకాలంలో రానున్న ధనానికి నేటి విలువ ఎంత? భాస్కరాచార్యుని లీలావతి 1150 నాటిది. అందులో మిశ్రవ్యవహారమనే భాగం ఈ ప్రశ్నతోనే మొదలవుతున్నది. నెలకు నూటికి అయిదు వడ్డీ, ఏడాది గడువు, అసలు వడ్డీ కలిసి వేయి. అసలెంత, వడ్డీ ఎంత? ఏడాదికి నూటికి అరువది వడ్డీ కనుక నూరు నూటయరువది అవుతుంది. ఆ లెక్కన వేయికి అసలు 625, వడ్డీ 375. ఏడాదికి చేతికి రానున్న వేయి నేడు 625కు సమానమని దీని తాత్పర్యం. నేటి గ్రంథాలలో ‘వర్తమాన విలువ’ అన్నది ఇదే. పలు సంవత్సరాలకు చక్రవడ్డీ పద్ధతిలో గుణించుట నేటి విశేషం. అంతకు ముందే మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసినాడు. వడ్డీ లెక్కను తెలుగుపద్యంలో చెప్పుట అప్పటికే సాధ్యమైనదన్నమాట. ఎర్రమంచిలో కర్మాగారం పెట్టిన సంస్థ, ఎన్నో ఏళ్ళకు గాని తిరిగిరాని పెట్టుబడిని నేడు పెట్టవచ్చునా అని నిర్ణయించుకొన్నది ఈ గణితపు విస్తృతరూపంతోనే.

ఇంతమాత్రాన సర్వమూ ప్రాచీనగ్రంథాలలోనే ఉన్నదని చాటుట విద్వల్లక్షణం కాదు. అట్టి మాట శాస్త్రానికీ మేలు చేయదు, విద్యార్థికీ మేలు చేయదు. ప్రతి పద్దునూ రెండు ఖాతాలలో చూపే జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్ నగరంలో లూకా పాచియోలీ అచ్చువేయించిన గ్రంథం లోకానికి అందించినది. అర్థశాస్త్రంలో ఆ విధానం లేదు. పరిమితబాధ్యత అన్న భావన స్మృతులలో లేకపోవుటయే గాక, స్మృతుల మార్గం దానికి విరుద్ధం. ఋణాదానప్రకరణం తండ్రి ఋణాన్ని పుత్రపౌత్రులు తీర్చవలెనన్నది. కంపెనీ చట్టం వాటాదారుని బాధ్యతను వాటా విలువ దగ్గర ఆపివేసినది. పుత్రుని మీది ఆ ధర్మఋణభారాన్ని 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం తొలగించినది. ఈ రెండు మార్గాల నడుమ ఉన్న దూరం తెలియనివానికి కంపెనీ అన్న వ్యవస్థలోని కొత్తదనం తెలియదు. దానిలోని ప్రమాదమూ తెలియదు. బాధ్యత ఒకచోట ఆగినప్పుడు మిగిలిన నష్టం ఇంకెవరి మీదనో పడుతుంది గదా. ఆ ఇంకొకరెవరు? అప్పిచ్చినవాడా, కూలివాడా, సరుకు పంపిన రైతా? ఉన్నతస్థాయిలో అడుగవలసిన ప్రశ్న ఇది.

పన్నుల శాస్త్రం దగ్గరకు వచ్చినచో పాఠశాలావిద్యకూ వాణిజ్యవిద్యకూ ఉన్న చుట్టరికం మరింత స్పష్టం. పన్నుచట్టమంతా సూత్రగ్రంథం. సామాన్యంగా విధించేది ఉత్సర్గం. దానిని కొన్నిచోట్ల బాధించేది అపవాదం. అపవాదానికి మరల అపవాదం. పాణినీయం చదివిన బాలుడు మొదట నేర్చేది ఈ నడకనే. వాక్యార్థనిర్ణయానికి మీమాంసకులు ఏర్పరచిన న్యాయాలు నేటి న్యాయస్థానాలకూ ఉపకరించునని కిశోరీలాల్ సర్కార్ 1905 నాటి టాగూర్ న్యాయోపన్యాసాలలో నిరూపించినాడు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి బదులుగా 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చునట్లు నిర్ణయించినారు. 819 సెక్షన్లు 536 అయినవి. పూర్వసంవత్సరం, మదింపు సంవత్సరం అన్న రెండు పేర్ల చిక్కు పోయి ‘పన్ను సంవత్సరం’ అన్న ఒక్క పేరు నిలిచినది. వైయాకరణుల భాషలో ఇది లాఘవం. కంఠస్థం చేసినవాడు కొత్త చట్టం రాగానే తిరిగి మొదటికి వచ్చును. సూత్రం నడక పట్టినవాడు ఏ చట్టమునైనను చదువుకొనగలడు.

సంవత్సరం మాట వచ్చినది గనుక ఒక విశేషం. అర్థశాస్త్రంలో లెక్కల సంవత్సరం ఆషాఢంతో ముగియును. కరణాలు వాడిన ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలు. రెండూ వానలకూ పంటకూ లోబడిన లెక్కలు. ఏప్రిల్ నుండి మార్చి వరకు సాగే ఆర్థికసంవత్సరం 1867లో ఈ దేశంలో ప్రవేశించినది. లెక్కకు సంవత్సరం సృష్టిసిద్ధం కాదు, మనుష్యుల ఏర్పాటు. ఈ చిన్న సంగతి తెలిసిన విద్యార్థి, ఈ ఏటి రాబడిని మరుసటి ఏటికి జరిపి చూపే మోసాన్ని సులభంగా పట్టగలడు.

ఇక ధర్మవరం మగ్గం మీదికి పోయి చూడదగును. వస్తుసేవల పన్ను 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. పట్టుగూటికి పన్ను లేదు. అది దారమైన తరువాత నూటికి అయిదు. చీర అయిన తరువాత నూటికి అయిదు. ఉదాహరణకు నమోదైన ఉత్పత్తిదారుడు 3,000 రూపాయల దారం కొంటే పన్ను 150. అతడు చీరను 5,000కు అమ్మితే పన్ను 250. తాను ముందు కట్టిన 150 మినహాయించుకొని 100 మాత్రమే ప్రభుత్వానికి జమచేయును. ప్రభుత్వానికి ముట్టినది మొత్తం 250. భరించినవాడు చీర కట్టుకొనే ఇంటివాడు. ఆ చీర హిందూపురంలోని అంగడికి పోతే ఆ 250లో కేంద్రానికి 125, రాష్ట్రానికి 125. సరిహద్దు దాటి గౌరిబిదనూరు అంగడికి పోతే అదే 250 సమీకృత పన్ను పేరున ఒక్కపద్దుగా పడును. నమోదు లేని చిన్న నేతగానికి ముందు కట్టిన 150 తిరిగిరాదు. అది అతని ఖర్చులో కలిసిపోవును. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో చెప్పుటకు ఏ నిఘంటువూ అక్కరలేదు. అయినను పన్నుల విధానంలో ప్రథమశ్రేణి పొందినవాడు సైతం ఈ నాలుగు వాక్యాలను మగ్గం ముందు కూర్చున్నవానికి చెప్పలేక తడబడుట లోకంలో చూస్తున్న విషయమే. విద్యార్థికి విషయం తెలియదని కాదు. అతడు దానిని ఒక్క భాషలో, ఒక్క విధంగా, ఒక్క పరీక్ష కొరకు నేర్చినాడు.

వినిపించని లెక్క ఎంతటి అనర్థం తెచ్చునో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. రెండు కథలు చాలును. ఒకటి ఐతిహ్యం, ఒకటి ఇటీవలి చరిత్ర.

హిందూపురం దగ్గరనే లేపాక్షి ఉన్నది. అచ్యుతదేవరాయల కాలంలో వీరభద్రాలయాన్ని నిర్మింపజేసిన విరూపణ్ణ పెనుకొండలో రాజకోశానికి అధికారి అనియు, రాజాజ్ఞ లేకయే కోశధనాన్ని ఆలయానికి వ్యయపరచినాడని అభియోగం రాగా తన కన్నులు తానే పెకలించి గోడకు కొట్టినాడనియు స్థలపురాణం. గోడ మీది ఎర్రని మరకలను నేటికీ చూపుచున్నారు. కల్యాణమంటపం అసంపూర్ణంగానే నిలిచినది. భక్తులు ఈ కథను భక్తికథగా చెప్పుకొందురు. గణకశాస్త్రం చదివినవాడు ఇందులో వేరొకటి చూడవలెను. వ్యయం సత్కార్యానికే, ధనం ఎక్కడికీ పోలేదు, రాతిలో ప్రత్యక్షంగా నిలిచియే ఉన్నది. అయినను అనుమతి లేని వ్యయం అనుమతి లేనిదే. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పద్దు శుద్ధం కాదు. ఆ వంశపు రాజులలో శ్రేష్ఠుడైన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిభాగంలో ఆదాయాన్ని నాలుగు పాళ్ళు చేసి, రెండు సేనకు, ఒకటి దానభోగాలకు, ఒకటి కోశానికి అని విభజించినాడు. దేనికి ఎంత అన్నది ముందే నిర్ణయమైనచోట కోశాధికారికి ధర్మసంకటం తక్కువ.

రెండవది 2009 జనవరి 7 నాటిది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థాపకుడు ఆనాడు వెల్లడించిన లేఖలో, పట్టికలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో సుమారు 5,040 కోట్ల రూపాయలు లేనివని ఒప్పుకొన్నాడు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేకన్యాయస్థానం శిక్షలు విధించినది. లెక్క తనిఖీదారుల సంతకాలు ఏటేటా ఆ పట్టికల మీద ఉన్నవి. అర్థశాస్త్రం అధికారులు ధనాన్ని అపహరించే విధాలు నలుబది అని లెక్కించినది. ముందు చేరినదానిని తరువాత చేరినట్లు వ్రాయుట, రానిదానిని వచ్చినట్లు చూపుట అందులోనివే. రెండువేల ఏళ్ళ నాటి పట్టికలో ఉన్న అపరాధమే సంగణకయుగంలో కోట్ల రూపం ధరించినది. యంత్రం మారినంత మాత్రాన మోసం స్వభావం మారదు. దానిని పట్టేది యంత్రం కూడ కాదు. ఈ ధనం నిజంగా ఉన్నదా, ఎక్కడ ఉన్నది, ఎవరు చూచినారు అని అడిగే బుద్ధి. ఆ బుద్ధికి పేరే ప్రమాణజిజ్ఞాస. న్యాయశాస్త్రం పదేళ్ళు చదివించి అలవరచేది దానినే. ఎం.కాం. రెండేళ్ళలో దానికి దక్కుతున్న సమయం ఎంత?

ఇక్కడ కరణాన్ని ఒకమారు తలచుట అవసరం. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో భూములు కొలిపించి రైతువారీ సిస్తు నిర్ణయించినప్పుడు ఆధారపడినది ఊరి కరణం లెక్కల మీదనే. జమాబందీ, చిట్టా, అడంగల్, దాఖలా అన్న మాటలు కొన్ని పారసీకం నుండి, కొన్ని ఇతరభాషల నుండి వచ్చి తెలుగులో కలిసి, చదువురాని రైతు నోట సైతం పలికినవి. కరణాల వ్యవస్థలో దోషాలు లేకపోలేదు. వంశపారంపర్యం, పక్షపాతం, కలం పోటుతో పొలం మార్చిన ఉదంతాలు ఊరూరా వినబడినవే. 1984లో రాష్ట్రప్రభుత్వం ఆ పదవులను రద్దుచేసినది. వ్యవస్థ పోవుట న్యాయమే కావచ్చును. దానితో పాటు, లెక్కను ఊరి భాషలో ఊరి ముందు చెప్పగల విద్య కూడ పోవుట నష్టం. ఆ ఖాళీని పూరించవలసినది విశ్వవిద్యాలయపు వాణిజ్యశాఖ.

1968లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రంగా అనంతపురంలో మొదలై 1981లో స్వతంత్రమైన శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఈ సీమ బిడ్డలకు ఉన్నతవిద్యాద్వారం. 1968లోనే స్థాపితమైన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ వాణిజ్యగ్రంథాలను తెలుగులో వెలువరించినది. చిట్టా, ఆవర్జా, అంకణా, తరుగుదల, ఆస్తి అప్పుల పట్టిక అన్న మాటలు ఆ గ్రంథాలలో స్థిరపడినవి. ఆ మాటలతో చదువు మొదలుపెట్టిన విద్యార్థి ఎం.కాం.కు వచ్చేసరికి అవి మూలపడుతున్నవి. 2021లో రాష్ట్రప్రభుత్వం డిగ్రీ కళాశాలలన్నింటిలో ఆంగ్లమాధ్యమమే ఉండవలెనని నిర్ణయించిన తరువాత ఆ పరిచయం మరింత పలుచబడినది.

ఇందుకు పూర్వపక్షం బలమైనదే. చట్టం ఆంగ్లంలో ఉన్నది. పరీక్ష ఆంగ్లంలో ఉన్నది. పరిగి విద్యార్థికి కూతవేటు దూరంలోని బెంగళూరులో ఉద్యోగం ఆంగ్లంతోనే దొరుకుతుంది. తెలుగు పదాల వ్యామోహంతో పేదవిద్యార్థి కూడు చెడగొట్టుట ఏమి న్యాయం అని అడిగేవారున్నారు. వారి మాటలో సత్యం ఉన్నది. ఆంగ్లాన్ని తొలగించవలెనని చెప్పేవాడు విద్యార్థికి మిత్రుడు కాడు. సిద్ధాంతం ఇది: ఆంగ్లంలో చదివినదానిని తెలుగులో చెప్పగలిగినప్పుడే అది చదివినట్లు. పాఠశాలలో సంస్కృతంలో పాఠం, తెలుగులో వివరణ తరతరాలుగా సాగినది. దానివల్ల సంస్కృతమూ చెడలేదు, తెలుగూ చెడలేదు. మిత్తి, అసలు, శేషం అన్న మాటలతో ఒకసారి మూలం పట్టుబడిన విషయం ఆంగ్లంలో మరింత గట్టిగా నిలుచును. బెంగళూరు ఉద్యోగంలోనైనను పట్టికలోని అంకె వెనుకనున్న వస్తువును చూడగలవానికే పైమెట్టు దొరుకుతుంది.

చేయదగినవి మూడు. మొదటిది, ఎం.కాం. రెండవ సంవత్సరంలో ప్రతి విద్యార్థి ఒక నిజమైన సంస్థ లెక్కను పరిశీలించి, దాని సభ్యుల ఎదుట తెలుగులో చదివి వినిపించవలెను. నేతపనివారి సహకారసంఘం కావచ్చును, పాలసంఘం కావచ్చును, మహిళాపొదుపు సంఘం కావచ్చును, గుడి కావచ్చును. సభ్యులు అడిగిన ప్రశ్నలకు అక్కడికక్కడే సమాధానం చెప్పవలెను. నిగమసభలో వినిపించిన నాటి పద్ధతి ఇదే. వ్రాతపరీక్షకు వలె దీనికీ మార్కులుండవలెను. మార్కులు లేని పని కళాశాలలో సాగదు.

రెండవది, ప్రతి ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్నకైనను విద్యార్థి తెలుగులో వివరణ వ్రాయుటకు వీలుండవలెను. ‘వాటాదారుడైన ఒక రైతుకు ఈ ఆస్తి అప్పుల పట్టికను వివరింపుము’ అన్నది పనికిమాలిన ప్రశ్న కాదు, ఆ పత్రంలో కఠినమైన ప్రశ్న అదియే కాగలదు. తరుగుదల అనగా చేతినుండి పోయిన నగదు కాదని, యంత్రం విలువ అరిగిన మేరకు లాభంలో తగ్గించి చూపేదని చెప్పుటకు రెండు మంచి తెలుగు వాక్యాలు కూర్చవలసివచ్చినప్పుడు గాని, తనకు తెలిసినదెంతో విద్యార్థికి తెలియదు.

మూడవది ప్రాచ్యకళాశాలల బాధ్యత. ధర్మార్థకామమోక్షాలలో అర్థం రెండవదని వల్లించి, అర్థశాస్త్రాన్ని రాజనీతి శ్లోకాలకు మాత్రమే పరిమితం చేయుట వాటిలో అలవాటైనది. అధ్యక్షప్రచారంలోని లెక్కల అధ్యాయాలు, మితాక్షరలోని ఋణాదాన, సంభూయసముత్థాన ప్రకరణాలు, కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయం, లీలావతిలోని మిశ్రవ్యవహారం కలిపి ఒక పాఠ్యాంశంగా ఏర్పరచి వాణిజ్యవిద్యార్థులకు బోధించే అధ్యాపకులు ప్రాచ్యకళాశాలల నుండియే రావలెను. అదే విధంగా భాషాప్రవీణ విద్యార్థి సైతం ఒక ఆస్తి అప్పుల పట్టికను చదువుట నేర్వవలెను. మైసూరు ప్రాచ్యగ్రంథాలయంలో లభించిన తాళపత్రాల నుండి శ్యామశాస్త్రి 1909లో అర్థశాస్త్రాన్ని అచ్చువేయించకపోయినచో కౌటిల్యుని గణకవిద్య నేటికీ ఆకులలోనే ఉండేది. సంస్కృతపండితుడు చేసిన ఆ పనిని అర్థశాస్త్రజ్ఞులూ చరిత్రకారులూ లోకమంతటా వాడుకొన్నారు. ఆ పరంపరకు చెందిన కళాశాలలు వాణిజ్యశాఖ ద్వారం తట్టుటకు సంకోచించనక్కరలేదు.

పరిగి చెరువు కింద మల్బరి వేసిన రైతుకు పట్టుగూడు అమ్మిన సొమ్ములో ఖర్చు పోగా మిగిలినది ఎంతో తెలియవలెను. ధర్మవరం నేతగానికి తాను కట్టిన పన్నులో తిరిగివచ్చేది ఎంతో తెలియవలెను. కంపెనీలో కొద్దిపాటి వాటా కొన్న ఉపాధ్యాయునికి ఆ పట్టికలోని నగదు నిజంగా ఉన్నదా అని అడిగే ధైర్యం కలుగవలెను. ఈ మూడింటినీ చేయగలవాడు వారి ఇండ్లలోనే పుట్టి ఎం.కాం. చదువుతున్న పిల్లవాడే, పిల్లయే. ఆ చదువుకు తల్లిదండ్రులు పెట్టినది వ్యయం, విద్యార్థి సంపాదించినది ఆయం. ఊరికి మిగిలిన నీవి ఎంత అన్న లెక్కను విశ్వవిద్యాలయాలు ఏటేటా చూచుకొనవలసి ఉన్నది.